కాసులమ్మ ఎత్తి కట్టిన వల

1978లో నేను విశాఖ జాలారిపేట దగ్గరి బడిలో నాలుగవ తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఎండుచేపలు అమ్ముకునే కాసులమ్మ మధ్యాహ్నం గంప దింపి మా వరండాలో సేదతీరేది. ఆ రోజు విద్యుద్దీపం తయారుచేసిన శాస్త్రజ్ఞుని జీవితం చెబుతున్నాను. వెలిగే పోగు కోసం ఆయన ఎన్నో వస్తువులు పరీక్షించి, మాడ్చిన నూలుదారంతో దీపం వెలిగించాడన్నాను.

"కుట్టుకునే దారవేనా, పంతులమ్మా?" అని వరండాలోంచి కాసులమ్మ అడిగింది.

"అదే."

"అయితే ముందు ఇంట్లో దారముండాల. తరవాతే బుర్ర."

ఆ వారమే ఇద్దరు ఇల్లాళ్ళు ఆమె చేపలను తిప్పి పంపారు. పేటలో అందరూ చేపలను ఇసుకమీదే ఎండబెట్టేవారు. ఎంత కడిగినా పంటికింద ఇసుక తగిలేది.

కాసులమ్మ ఇంట్లో చినిగిన వల ఉంది. నాలుగు విరిగిన తెడ్లను ఒడ్డున పాతి, నడుమెత్తున ఆ వలను బిగించి, దానిపై చేపలు పరిచింది.

వలను ఆడది దాటితే చేప పడదని ఆ పేట నమ్మకం. కులపెద్ద అర్జునరావు పదిమందితో వచ్చాడు.

"ఒలే కాసులమ్మా! ఏటే ఇది? ఆడోళ్ళు వల దాటకూడదని తెల్దేటి?"

"నడుమెత్తున కట్టిన వలని ఎలా దాటతాను మావా? గెంతమంటావా?"

వెనకనున్నవారు నవ్వారు. అర్జునరావు కళ్ళెర్రజేశాడు.

"మన తాతలు ఇసక మీదే ఎండబెట్టేరు."

"ఆళ్ళ పళ్ళు గట్టివి. నీకు మూడే ఉన్నాయి."

ఆమె పక్కనే ఇసుకమీద ఎండుతున్న అతని ఇంటి చేప ఒకటి, వలమీది తన చేప ఒకటి కాల్చి అతని చేతిలో పెట్టింది. మొదటిది నమలగానే అతను దవడ పట్టుకున్నాడు. రెండోదాన్ని తలతో సహా తిన్నాడు. మూతి తుడుచుకుని, "రుచి మాట కాదు, కట్టుబాటు మాట. పొద్దు గుంకేలోగా తియ్యకపోతే నీకు ఒడ్డున సోటు నేదు," అని వెళ్ళిపోయాడు.

చోటు పోతే ఆమెకు బతుకుతెరువే పోతుంది. అయినా కాసులమ్మ వల తీయలేదు. మరో రెండు తెడ్లు పాతింది.

తెల్లవారగానే అర్జునరావు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికే అతని భార్య గంగాలమ్మ తన పచ్చిచేపలను ఆ వల అంచున పరుస్తోంది.

"నువ్వేటే ఇక్కడ?" అన్నాడతను.

"ఆ మూడు పళ్ళూ రాలిపోతే నీకు కూడు నమిలిపెట్టాల్సింది నాను. ఎల్లెల్లు!"

అతను వెళ్ళాడు. వల నిలిచింది.

1984లో నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి ఒడ్డంతా ఎత్తి కట్టిన వలలే. ఆ ఉపాయం ఎవరిదని అడిగితే, అర్జునరావు తనదేనని చెప్పుకునేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, కాసులమ్మ ఎంత బేరం మధ్యనైనా గంప దింపి, కొంగు దోపి తగవుకు దిగేది.