దేవుడికి గార్డియన్ కావలెను

2004 మే నెల. అనకాపల్లి కోర్టుకి వేసవి సెలవులు. షుగర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి, మా మామగారి దగ్గర అప్పు తెచ్చి, కంప్యూటర్ షాపు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్లీడర్ల ఆఫీసులకి ఎకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అమ్మబడునని బోర్డయితే రాయించేను గానీ కొన్న నాథుడు లేడు. మామగారు కనబడినప్పుడల్లా "ఏటల్లుడుగారూ, ఫ్యాక్టరీవోళ్ళు మళ్ళీ తీసుకుంతారేమో ఓసారి అడగరాదేటి?" అనేవారు. ఆ పూట అన్నం సహించేది కాదు.

అలాంటి టైములో విశ్వనాథం గారు కబురు పెట్టేరు. సివిల్ ప్లీడరు, బారులో, అంటే ప్లీడర్ల సంఘంలో, పెద్ద తలకాయ. "కోర్టు తెరిచేలోపు నా ఆఫీసులో నీ సాఫ్ట్‌వేర్ పెట్టేయాలయ్యా. నాది బాగా నడిస్తే మావాళ్ళూ కొంటారు. నడవకపోతే నీ బోర్డు నువ్వే దింపుకో" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నేను ఆ పూటే పనిలో దిగిపోయేను.

ఆయన దగ్గర పాత డాస్ ప్రోగ్రాం ఉండేది. నల్ల తెర, పచ్చ అక్షరాలు. అందులోని క్లయింట్ల వివరాలు, ఫీజుల లెక్కలు మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కించాలి. దీన్నే మైగ్రేషన్ అంటాం. ఇల్లు మారడం లాంటిదే. సామానంతా చేరిందో లేదో చెప్పేది ట్రయల్ బ్యాలెన్స్, అంటే లెక్క రెండు వైపులా సమానంగా తేలాలి.

తేల్లేదు. అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించేను. మళ్ళీ అదే వరస. తీరా చూస్తే, క్లయింటు నంబరు ఒకటిని కొత్త ప్రోగ్రాం గుమ్మంలోనే ఆపేసింది. పేరు విఘ్నేశ్వర స్వామి. తండ్రి పేరు లేదు, అడ్రసు లేదు, వయసు లేదు. అవన్నీ మాండేటరీ ఫీల్డ్స్, నింపకపోతే ముందుకి పోనివ్వని గళ్ళు.

"ఎవరండీ ఈ స్వామి? వివరాలేవీ ఇవ్వలేదు?" అని ప్లీడరుగారి గుమస్తా సన్నిబాబుని అడిగేను.

"ఎవరేటి బాబూ, వినాయకుడే!" అని లెంపలేసుకున్నాడు. "కొత్త కేసు పుచ్చుకున్నప్పుడల్లా ముందు ఆయన పేర రూపాయి జమ సేసి, అదిగో, ఆ డబ్బాలో ఏత్తాం. ఆయన్ని బయటెట్టేసి లెక్క కుదర్లేదంటే ఎలా కుదుర్తాది?"

మాకవరపాలెం చెరుకు రైతు దగ్గర్నించి బెల్లం మార్కెట్ షావుకారు దాకా, ప్రతి కేసులోనూ దేవుడి రూపాయి ఉంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసేను. ఎత్తినమ్మాయి ఎంతో మర్యాదగా "సార్, ఆ క్లయింటుని ఒకసారి ఆఫీసుకి పిలిపించి డీటెయిల్స్ తీసుకోండి" అంది.

"ఆయనొస్తే నేనడిగేది డీటెయిల్స్ కాదమ్మా" అని పెట్టేసేను.

ఇంక చేసేదేముంది, ఉన్నదున్నట్టు నింపుదామని కూర్చున్నాం. తండ్రి పేరు శివుడు. అడ్రసు కైలాసం. పిన్‌కోడు దగ్గర నేను ఆగితే సన్నిబాబు "మన అనకాపల్లిదే ఎయ్యండి. ఉత్తరం తిరిగొచ్చినా మనకాడికే వత్తాది" అన్నాడు. వయసు దగ్గర మాత్రం ఇద్దరం బిక్కమొహాలేసేం.

అందాకా తన టేబుల్ దగ్గర్నించి వింటున్న ప్లీడరుగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "చట్టం ప్రకారం దేవుడు ఎప్పటికీ మైనరే. మైనరని కొట్టు."

కొట్టేను. వెంటనే ఇంకో గడి తెరుచుకుంది. గార్డియన్ పేరట.

"నా పేరు రాసెయ్" అన్నారు దర్జాగా.

సన్నిబాబు తల గోక్కున్నాడు. "తమరు కుదర్దేమోనండి. మైనరు సొమ్ము వాడుకున్నోడు గార్డియనుగా పనికిరాడని తమరే గదా కోర్టులో సెప్తారు."

"నేనెప్పుడు వాడుకున్నాన్రా?"

"సిగరెట్లకీ, ఆటోలకీ... ఓపాలి ఆ డబ్బా ఊపి సూడండి."

ఊపేరు. ఏ చప్పుడూ రాలేదు. ఆయన మొహం చూడాలి! నేను నవ్వాపుకోలేక, వైర్లు సర్దే వంకతో టేబుల్ కిందకి దూరిపోయేను.

ఆయన భార్య కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడి అంతా విన్నారట. "నా పేరు రాయి నాయనా" అన్నారు. రాసేను. స్వామివారు లోపలికి దయచేసేరు. ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళంట నీళ్ళొచ్చేయి.

"మా మైనరు పేర ఎంతుందో కాగితం మీద తీసియ్యి" అన్నారు అమ్మగారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో నేను తీసిన మొదటి ప్రింటు అదే. దాన్ని ఆవిడ తిన్నగా భర్త చేతిలో పెట్టేరు. సాయంత్రానికి డబ్బా నిండింది.

కోర్టు తెరిచేరు. ఈ కథ బారంతా పాకింది. వారం తిరక్కుండా ముగ్గురు ప్లీడర్లు నా షాపు మెట్లెక్కేరు. అడ్వాన్సు పుచ్చుకోకముందే ముగ్గుర్నీ ఒకటే అడిగేను: "మీ క్లయింట్లలో మనుషులు కానివాళ్ళెవరైనా ఉన్నారాండీ?" ఈ కేసు నాకు నేర్పింది ఆ ప్రశ్నే. ఇప్పటికీ ఎక్కడికెళ్ళినా ముందు అదే అడుగుతాను.

ముగ్గురూ ఉన్నారనే చెప్పేరు. ముగ్గురూ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఒకటే షరతు పెట్టేరు.

"గార్డియన్ దగ్గర మా ఆవిడ పేరు మాత్రం రాయకయ్యా."