ఎలీషా గారి ఉత్త రంగులు, నా పగిలిన ఫోను

ఎలీషా గారు ప్రాణం పోయినా గోడకి ఫొటో అంటించరు. ఇంటి గోడకి కాదండోయ్, కంప్యూటర్లో ఆయన తయారుచేసే ఆటలో గోడకి. అక్కడ ప్రతి వస్తువుకీ మెటీరియల్ అని ఒకటుంటుంది. అందులో ఫొటో పెట్టడానికొక గడి, రంగు ఎంచుకోడానికొక గడి. ఈయన ఫొటో గడి ఖాళీగా వదిలేసి, ఒక్క రంగు కొట్టి ఊరుకుంటారు. కొబ్బరిచెట్టు మానుకి గోధుమ, మట్టలకి ఆకుపచ్చ. గోదావరికి నీలం. అయిపోయింది.

ఆ రంగులు ఎంచిపెట్టడానికి, అమలాపురంలో ఇళ్ళకి రంగులేసుకునే నన్ను షేడ్ కార్డుతో సహా రమ్మన్నారు. మౌసు పట్టడం కూడా నేర్పారు. ఇక నాకు పొగరు తలకెక్కింది.

"గోదారి ప్లాస్టిక్ బకెట్‌లా ఉందండీ. నీళ్ళ ఫొటో పెట్టెయ్యండి."

"వద్దు మంగరాజు గారూ. నీలంలో కాస్త మట్టిరంగు కలపండి, చాలు. ఏదీ, మీ ఫోనిలా ఇవ్వండి."

ఇదొకటి! రంగు మార్చినప్పుడల్లా నా ఫోనులో ఆట ఎక్కించి చూసేవారు. అద్దం పగిలి, రబ్బరు బ్యాండు మీద బతుకుతున్న ఫోను. పదేళ్ళు కువైట్‌లో చేసొచ్చిన మనిషి, ఇందుకోసం ఒక మంచి ఫోను కొనలేని పిసినారితనమేమిటా అనుకునేవాణ్ణి.

ఆటలో జనాన్నీ మోటారుసైకిళ్ళనీ పంటు ఎక్కించి గోదావరి దాటించాలి. ఉప్పలగుప్తం దగ్గర ఒక బడి పిల్లల కోసం ఏడాది కష్టపడ్డారు. ఆట బాగా నడిస్తేనే పిల్లలకిస్తానని ఆ బడి సరోజిని టీచరు గారు ముందే చెప్పారు.

చూపించే రోజున, ఆయన టీ తాగొచ్చేలోగా నేను ఘనకార్యం చేశాను. మా ఆవిడ హేమ కొత్త ఫోనుతో తీసిన గోదావరి, కొబ్బరి మాను, నేను రంగేసిన మేడ... నలభై ఫొటోలు ఖాళీ గళ్ళల్లో పెట్టేశాను. ఆటో వచ్చేసిన హడావుడిలో ఆయన ఆ రోజు నా ఫోను అడగలేదు.

బడిలో పిల్లలు అమ్మల పాత ఫోన్లు తెచ్చుకున్నారు. ఆట ఎక్కించాం. పంటు బయల్దేరి మధ్య గోదావరిలో ఆగిపోయింది. ఒక్క ఫోనులో కాదు, అన్నిట్లోనూ. ఫోన్లు మాత్రం అట్ల పెనంలా కాలిపోతున్నాయి. ఎలీషా గారి మొహం సున్నం కొట్టినట్టయింది.

"నేనేనండీ. ఫొటోలు పెట్టేను," అన్నాను తల దించుకుని.

ఆయన తిట్టలేదు. లాప్‌టాప్ తెరిచి ఒక్కో ఫొటో పీకేస్తూ, "మీ రంగులు బాగానే ఉన్నాయి కదండీ, మళ్ళీ ఇవెందుకూ?" అన్నారు.

ఆట మళ్ళీ ఎక్కించగానే పంటు కదిలింది. పిల్లలు బడి కప్పు లేచిపోయేలా అరిచారు.

టీచరు గారు నా వైపు తిరిగారు. "ఈయన మొదట్లోనే వచ్చి పిల్లల ఫోన్లన్నీ చూసేరండీ. ఇవి ఫొటోలు మొయ్యలేవు, ఉత్త రంగులే వేస్తానన్నారు. వీటన్నిటికంటే చెత్త ఫోనొకటి దొరికిందట. దాంట్లో ఆడితే ఎందులోనైనా ఆడుద్దన్నారు. పాపం, అదెవరిదో!"

"ఆయ్, నాదేనండీ!"

మొన్న హేమ కొత్త ఫోను కొనుక్కోమని పోరుపెట్టింది.

"నేను కొనేస్తే పిల్లల ఆటేమైపోద్దే?" అన్నాను.

రబ్బరు బ్యాండు మాత్రం కొత్తది వేశాను.