రెండో పేరు

సలోమి నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పబట్టి ఇరవై రెండేళ్లయింది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో కూలి చేసిన దంపతుల బిడ్డ. ఇంట్లో మొదట బడి మెట్లెక్కింది ఆమే. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో యూనివర్సిటీకి బస్సుల్లో తిరుగుతూ, నలభై దాటాక తర్కశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేసింది. ఆ వయసులో ఆమెకు గైడుగా ఉండటానికి అందరూ వెనకాడితే, ప్రొఫెసర్ జ్ఞానేశ్వర్ ఒక్కరే సరేనన్నారు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం ల్యాబ్ మొదలవబోతుండగా ఆయన ఫోన్ చేశారు. తర్కశాస్త్రాన్నీ కంప్యూటర్లనూ కలిపి పరిశోధన చేసేవారికి ఒక అంతర్జాతీయ సంఘం ఏటా అవార్డు ఇస్తుంది. నామినేషన్ల గడువు ఆ సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది. ఎవరి పేరు వాళ్లు పంపుకోకూడదు గనక ఆయన పేరును సలోమి పంపాలి. ఉత్తరం తానే రాసి మెయిల్ చేశానని, సంతకం పెట్టి అప్‌లోడ్ చేస్తే చాలని చెప్పి పెట్టేశారు.

సలోమి మెయిల్ తెరిచి చదివింది. ఒక ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగుతుందా, లేక అలా తిరుగుతూనే ఉంటుందా అన్నది, కొన్ని రకాల ప్రోగ్రాములకు, వాటిని నడపకుండానే తేల్చే పద్ధతి గురించిన ఉత్తరం అది. తొమ్మిదేళ్ల కిందటి పేపరు. దాని మీద ఇద్దరి పేర్లున్నాయి. ఉత్తరంలో మాత్రం ఒక్కటే ఉంది. ఆ పద్ధతి సరైనదేనన్న నిరూపణ మొత్తం ప్రొఫెసర్‌గారి ఆలోచనేనని రాసి ఉంది.

రెండో పేరు సుహైల్‌ది. మాచర్ల కుర్రాడు, ఆమెతోపాటు పరిశోధన చేసినవాడు. తండ్రి మంచాన పడటంతో చదువు మధ్యలో వదిలేసి, ఇప్పుడు మాచర్లలోనే జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు. ఆ నిరూపణను అతను బోర్డు మీద మొదటిసారి రాసిన రోజు ముందు బెంచీలో కూర్చున్నది సలోమే.

ఆమె సుహైల్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"వదిలెయ్ అక్కా. ఆయన పెద్దోడు. పెట్టుకుంటే నీకే చానా ఇబ్బంది."

"ఇబ్బంది సంగతి నేను చూసుకుంటా. ఆ నిరూపణ నువ్వు చేసిందా, కాదా? అదొక్కటి చెప్పు."

"నేనే చేశా."

ఉత్తరంలో అతని పేరు పెట్టొచ్చా అని ఆమె అడిగితే, క్లాసుకి టైమైందని ఫోన్ పెట్టేశాడు.

అప్పటికి మూడున్నర. ల్యాబులో పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, సలోమి పాత మెయిళ్లు వెతకడం మొదలుపెట్టింది. అరగంటకు దొరికింది. చేత్తో రాసిన ఆరు పేజీల ఫొటోలు, ఎక్కడన్నా తప్పుందేమో చూడమని సుహైల్ ఆమెకు పంపినవి. తారీఖు, పేపరు అచ్చయిన రోజుకు ఏడాదిన్నర ముందుది. ఆ ఆరు పేజీలకు ప్రొఫెసర్ తర్వాత చానా చేర్చారు; ఇంకా ఎన్నో రకాల ప్రోగ్రాములకు దాన్ని విస్తరించారు. అదీ నిజమే. కానీ పునాది ఆయనది కాదు.

నాలుగున్నరకు వరండాలోకి వచ్చి ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది. రెండు పేర్లూ ఉంటేనే సంతకం పెడతానని చెప్పింది. సుహైల్ ఈ రంగమే వదిలేసి పోయాడని, సగం ఉడికిన ఆలోచనను నిలబెట్టింది తానని ఆయన నెమ్మదిగానే వివరించారు. ఆమె ఒప్పుకోలేదు.

"నిన్నెవరూ తీసుకోనప్పుడు నేను తీసుకున్నాను, సలోమీ."

"అది మర్చిపోలేదు సార్. మీ పేరు తీసెయ్యట్లేదు. అతని పేరు కలుపుతున్నా, అంతే."

అవతల ఫోన్ పెట్టేసిన శబ్దం వినిపించింది.

ఉత్తరాన్ని మొదటినుంచి మళ్లీ రాసింది. ఎవరు ఏం చేశారో విడివిడిగా, తనకు తెలిసినంతే. ఆరు పేజీలు జత చేసింది. సుహైల్ ఒప్పుకోకుండా పంపడానికి మాత్రం మనసు రాలేదు. నాలుగూ నలభై ఆరుకి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌ని ఫోన్ నెట్‌కి కలుపుతుండగా మెసేజ్ వచ్చింది: "పెట్టు అక్కా." కింద అతని కాలేజీ అడ్రసు ఉంది. నాలుగూ యాభై ఆరుకి నామినేషన్ అందినట్టు తెర మీద కనపడింది. సలోమి ల్యాప్‌టాప్ మూసింది.

జూన్‌లో అవార్డు ప్రకటించారు. అది వేరే దేశంవాళ్లకు వెళ్లింది. ఆ తర్వాత, అంతకుముందు తాను సభ్యురాలిగా ఉన్న యూనివర్సిటీ సిలబస్ కమిటీ కొత్త జాబితాలో సలోమి పేరు లేదు. ఎందుకని ఆమె ఎవరినీ అడగలేదు. ప్రొఫెసర్ మళ్లీ ఫోన్ చేయలేదు. క్రిస్మస్‌కి ఆమె పంపిన శుభాకాంక్షలు ఆయన చదివినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు. ఆ బాధ ఆమెకు ఉంది. లేదని ఎవరితోనూ అనలేదు.

సుహైల్‌కి మాత్రం జూలైలోనే ఒక మెయిల్ వచ్చింది. ఆ ఆరు పేజీలు చదివిన అవార్డు న్యాయనిర్ణేత ఒకరు, నిరూపణలో ఒక మెట్టు దగ్గర తన అనుమానం రాసి, చెన్నైలో జరగబోయే సభలో మాట్లాడగలవా అని అడిగారు. ఆ మెయిల్ సలోమికి పంపి, ఆదివారం పొద్దున్నే మాచర్లలో బస్సెక్కి అతను ఆమె ఇంటికొచ్చాడు. తొమ్మిదేళ్లుగా ఆ పని ముట్టుకోలేదని, చెప్పగలనో లేదోనని గుమ్మంలోనే అన్నాడు.

"ముందు కూర్చో," అంది సలోమి. "ఆ మెయిల్లో అడిగిన చోటు నాకూ అర్థం కాలేదు. మొదటినుంచి చెప్పు."

అతను కింద కూర్చుని కాగితాలు పరిచాడు.