మైదుకూరులో మా ఆయన నేర్చుకున్న ఆసనం

మా ఆయన రంగన్న ట్రాక్టర్ మెకానిక్. ఫోన్లో వీడియోలు చూసి రోజూ పొద్దున్నే గోడ పక్కన శీర్షాసనం వేసేవాడు. పోయిన నెల అలాగే వేస్తూ కళ్ళు తిరిగి పడిపోయాడు. కర్నూలు ఆసుపత్రిలో చూస్తే బీపీ బాగా ఎక్కువుంది. మాత్రలు రాసిచ్చి, ఇక తలకిందులు కావద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. వారం తిరక్కముందే ఆయన మళ్ళీ గోడ దగ్గర దుప్పటి మడత పెడుతూ కనిపించాడు. నేను చెబితే వినడు. మైదుకూరులో షంషాద్ గారని ఒకామె ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకు యోగా నేర్పుతారని మా బడిలో తోటి టీచరు చెబితే, ఆ ఆదివారమే ఆయన్ని బయల్దేరదీశాను.

కర్నూలులో ఆరు గంటల బస్సెక్కి నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా పదిలోపు మైదుకూరు చేరాం. టికెట్టు మనిషికి రెండు వందల పైచిలుకు. దారి పొడవునా ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆళ్ళగడ్డలో టీకి కూడా దిగలేదు. మైదుకూరు బస్టాండు దగ్గర ఆటో అతన్ని అడిగితే, "యోగా అక్క ఇల్లేనా? మా అమ్మ మోకాళ్ళ నొప్పులకు ఆడికే పోతాది" అని ఎక్కించుకున్నాడు.

మిద్దె మీది రేకుల షెడ్డులో పదిమంది దాకా ఉన్నారు. ఒకామె కుర్చీలో కూర్చునే చేతులెత్తుతోంది. ఒక పెద్దాయన మాత్రం తలకిందులుగా నిలబడి ఉన్నాడు. షంషాద్ గారు నన్ను పక్కకు పిలిచి మా ఆయన జబ్బు సంగతి అడుగుతుండగా వెనక ఏదో చప్పుడైంది. తిరిగి చూస్తే ఆయన గోడకు కాళ్ళు తన్ని అప్పటికే పైకి లేచాడు. ముఖం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. ఆమె వెళ్ళి నడుము పట్టుకుని, ఒక్కో కాలూ మెల్లగా దింపించి, పక్కకు పడుకోబెట్టి బీపీ చూశారు. ఆమె ముఖం మారింది.

"మాత్రలు మింగుతాండావా అన్నా?"

ఆయన లేదన్నట్టు తలూపాడు.

"ఆయప్ప చేస్తాండాడు కదా" అన్నాడు పెద్దాయన్ని చూపించి.

"ఆయన ఒళ్ళు ఆయనది, నీ ఒళ్ళు నీది. ఎందుకింత పట్టు పట్టినావో చెప్పు."

ఆయన పైన రేకుల వైపు చూస్తూ చెప్పాడు. "మా నాయనకు నా వయసులోనే పక్షవాతం వచ్చె. మాట పడిపాయె. తల్లోకి నెత్తురు బాగా పోతే నాకు రాదనుకున్నా."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అనలేదు.

"నీకు నెత్తురు తక్కువ కాలేదన్నా, జోరు ఎక్కువైంది. దాన్ని దించేది నేర్చుకుందాం. మాత్రలు మాత్రం మానొద్దు."

తల కింద దుప్పటి పెట్టి, పిక్కలు కుర్చీ మీద ఆనించి, పీల్చినదానికన్నా నిదానంగా ఊపిరి వదలమన్నారు. మొదట రొప్పాడు. తర్వాత బిగుసుకున్న దవడ సడలింది. మళ్ళీ చూస్తే బీపీ కొంత దిగింది. రేపే డాక్టరుకు చూపించమని చెప్పి పంపారు. బస్టాండు పక్కన మందుల షాపు కనిపించగానే ఆయన నాకంటే ముందే లోపలికి వెళ్ళాడు.

ఇన్నాళ్ళూ ఆయన్ని మొండిమనిషి అనుకుని పోట్లాడాను. ఆయనది భయమని తెలిశాక పోట్లాడాల్సిన పని లేకపోయింది. మీరు ఎవరి దగ్గర యోగా నేర్చుకున్నా, మొదటి ఆసనానికి ముందే మీ జబ్బులూ మందులూ చెప్పండి. దేనికి భయపడి వచ్చారో అదీ చెప్పండి.