వాసుకి పడిన వన్స్‌మోర్

ఇన్నేళ్ళూ ఈ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మా ఆయన బెజవాడలో కాలవల ఆఫీసు గుమాస్తా. శని, ఆదివారాలు మాత్రం మహారాజు. చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలు ఆడేవారు. పద్యం నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అని కేకలేస్తారు, మళ్ళీ పాడాల్సిందే. ఆయన బతికిందే ఆ కేక కోసం. ముఖాన రంగు కడుక్కోకుండానే నా దగ్గరికి వచ్చి, “ఎలా ఉందే?” అని అడిగేవారు. ఎంత పొగిడినా చాలేది కాదు. ఇంకొకర్ని మెచ్చుకున్నానా, ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయేవారు. తప్పు ఎప్పుడూ ఆయనది కాదు. మైకుది, హార్మోనియం వాయించేవాడిది, ఎవరూ దొరక్కపోతే నాది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. అయినా ఆయన్ని అసహ్యించుకోలేకపోయాను. మెప్పు దొరకని రోజున ఆయన ముఖం తిరణాల్లో తప్పిపోయిన పిల్లాడి ముఖంలా ఉండేది. జాలేసేది.

ఎమర్జెన్సీకి ముందు మాట. చల్లపల్లి దగ్గర ఓ ఊళ్ళో నాటకం, నేనూ వెళ్ళాను. రాకుమారుడి వేషం కట్టాల్సిన కుర్రాడికి జ్వరమొస్తే మా అబ్బాయి వాసుని నిలబెట్టారు. పదిహేనేళ్ళవాడు. ఇంట్లో విని విని పట్టేసిన పద్యం ఒకటి పాడాడు. పందిరంతా ఒకటే కేకలు. మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్‌మోర్. ఆ రోజు మా ఆయనకి ఒక్కటీ పడలేదు.

ఇంటికొచ్చాక ఆయన ముద్ద ముట్టలేదు. ఎవరితోనూ మాట లేదు. “ఇంట్లోనే పోటీని పెంచుకున్నాను” అని ఒక్కసారి మాత్రం నాకు వినపడేలా అన్నారు. అలా రోజులు గడిచాయి. ఓ పొద్దున నేను బియ్యం ఏరుతుంటే వాసు వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, నాన్న సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. నేను బాగా పాడానా?”

వసారాలో మా ఆయన పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పడం ఆపేశారు.

“బాగా ఏముందిరా? పిల్లాడివని జాలిపడి అరిచారు. మీ నాన్న ముందు నీదేం గొంతు? బుద్ధిగా చదువుకో.”

“సరేనమ్మా” అన్నాడు. ఏడవలేదు. నా మాట నమ్మాడు.

ఎందుకన్నాను? భయమా? భయమే. ఇంట్లో పొయ్యి మళ్ళీ మామూలుగా వెలగాలనా? అదీ నిజమే. కానీ అసలు సంగతి ఇంకోటుంది, దాన్ని నాకు నేను కూడా చాలాకాలం చెప్పుకోలేదు. ఆ మధ్యాహ్నం ఆయన వచ్చి పీట మీద కూర్చున్నారు. “పులుసు బాగా కుదిరిందే” అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు అది. నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండా సంతోషించాను. ఆయనకి పొగడ్తల పిచ్చి అని లోలోపల నవ్వుకునేదాన్ని, ఒక్క పొగడ్తకి కన్నకొడుకునే ఇచ్చేశానా?

వాసు మళ్ళీ పాడలేదు. కూనిరాగం కూడా తీయడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు, నన్ను బాగా చూసుకుంటాడు. అదే నాకు కష్టం.

మా ఆయన పెద్దకర్మ రోజున, ఆయనతో తొలిరోజుల్లో నాటకాలాడిన పెద్దాయన ఒకరు, “ఆ గొంతు నీకేమైనా వచ్చిందా బాబూ?” అని వాసుని అడిగారు.

“రాలేదండీ. కావాలంటే మా అమ్మనడగండి.”

అందరూ నావైపు చూశారు. నన్ను భయపెట్టేవాళ్ళు ఇక ఎవరూ లేరు. అయినా, రాలేదన్నట్టే తలూపాను.

ఇప్పుడైనా వాడికి చెప్పొచ్చు కదా అంటారు. చెబితే వాడు నన్ను క్షమించేస్తాడు, నాకు తెలుసు. నోరు రావడం లేదు. మీకు చెబుతున్నాను. నా కొడుకు బాగా పాడాడు. వాళ్ళ నాన్న కంటే బాగా పాడాడు.