చప్పట్లు పడని ప్రసంగం

రెండువేల రెండు. ఆషాఢం వెళ్ళిపోతున్నా డెల్టా కాలవల్లో నీళ్ళు లేవు. విజయవాడ వన్ టౌన్‌లో నాది మైకుసెట్ల షాపు. పెళ్ళికీ నేనే, ఉరుసుకీ నేనే, ఏ పార్టీ సభకైనా నేనే. ఆ ఏడు ప్రతిపక్షంవాళ్ళు పామర్రులో సభ పెట్టారు. వరసగా ఓడి చతికిలబడ్డ పార్టీ. జిల్లాకి కొత్త నాయకుడి కోసం వెతుక్కుంటోంది. ఇద్దరిచేత మాట్లాడించి, జనం ఎవరికి ఊగితే వాళ్ళకే పగ్గాలు. అది తేల్చడానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి వేదికమీద కూర్చున్నాడు.

మొదట మాట్లాడినవాడు ఆటోనగర్‌లో లారీల యజమాని కొడుకు. జనాన్నీ లారీల్లోనే తెచ్చుకున్నాడు.

"భాయ్, ఎకో గట్టిగా పెట్టు," అన్నాడు.

ఎకో అంటే గొంతు వెనకాల గొంతు మోగించడం. పిల్లికూత కూడా గర్జనలా వినపడుతుంది. పెట్టాను. ఒకటే ఈలలు, చప్పట్లు. నా హారన్లు ఏమైపోతాయోనని నా బెంగ నాది.

తర్వాత సుగుణ. పక్క ఊళ్ళో కౌలుకి చేసుకునే మనిషి, పార్టీలో పాత కార్యకర్త.

"ఎకో తీసెయ్యండి భాయ్. నా మాట నాకే రెండుసార్లు వినపడితే తడబడిపోతాను," అంది.

మైకు పట్టుకుని, "నీళ్ళు తెప్పిస్తానని నేను చెప్పలేనండీ. నా నారుమడీ ఎండిపోతోంది. రేపు పొద్దున్నే కాలవ లాకుల దగ్గర, ఆ గేట్ల ముందే కూర్చుంటాను. నీళ్ళు వదిలేదాకా లేవను. వచ్చేవాళ్ళు రండి," అని దిగిపోయింది.

ఒక్క చప్పటా పడలేదు. అయ్యో, ఈ అమ్మాయి పని అయిపోయిందనుకున్నాను. పెద్దమనిషి అక్కడికక్కడే లారీల కుర్రాడి మెళ్ళో దండ వేసేశాడు.

వైర్లు చుట్టుకుంటుంటే ఒక ముసలి రైతు దగ్గరికొచ్చాడు.

"ఆ అమ్మాయి ఎన్నింటికి రమ్మందయ్యా?"

"పొద్దున్నే అంది కదా! మరి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదేం?"

"చప్పట్లు కొట్టి ఇంటికి పోయే మాటా అది? రేపు వెళ్ళొద్దూ!" అని కసిరాడు.

ఉండబట్టలేక మర్నాడు స్కూటరేసుకుని లాకుల దగ్గరికి వెళ్ళాను. కాలవగట్టంతా జనం. ఆడవాళ్ళు చద్దన్నం క్యారేజీలతో సహా వచ్చేశారు. ఎక్కడా ఒక్క లారీ లేదు. మధ్యలో సుగుణ, మైకు లేకుండా మామూలు గొంతుతో మాట్లాడుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి.

చివరికి అధికారులు దిగొచ్చి నీళ్ళు వదిలాక, హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషే ఆమె ఇంటికి వెళ్ళి, పదవి ఇస్తాం రమ్మన్నాడట. "నాట్లు పడనివ్వండి, అప్పుడు చూద్దాం," అందట.

అన్నేళ్ళు ఎంతమంది గొంతుల్నో పెంచాను, తగ్గించాను. ఏ మాటకి మనిషి తన పని మానుకుని మర్నాడు బయల్దేరతాడో అదే ప్రసంగమని ఆ ముసలాయన చెబితేగానీ నాకు తెలీలేదు.