గాలి తాగిన పెట్రోలు

ఆదివారం ఉదయం ఏడున్నరకు మయూర్ విహార్‌లో ఇల్లు కదిలాను. బల్లభ్‌గఢ్ దాటాక పల్వల్ దారిలో ఉన్న ఒక గోదాముకు వెళ్లాలి. కారులో అయితే గంటన్నర. కానీ కారు తియ్యలేదు. ఆ కారు వేసుకుని సింహాచలం ముందు దిగే ముఖం నాకు లేదు.

సింహాచలం నాలుగేళ్లు నా దగ్గర డ్రైవరు. పలాస దగ్గరి మనిషి. పెట్రోలు దొంగ అని పేరు పెట్టి నేనే అతన్ని పనిలోంచి తీసేశాను.

"ఇన్నాళ్లూ లేని పాపభీతి ఇవాళ ఎందుకొచ్చిందండీ?" అంది మా ఆవిడ, గుమ్మం దగ్గర బర్ఫీ పెట్టె చేతికిస్తూ. పెట్టె తీసుకుని మెట్లు దిగాను.

ఆ వైపు వెళ్లేవారు మెట్రో మారడానికి మండీ హౌస్ దాకా పోనక్కర్లేదు. మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో పింక్ లైను ఎక్కి, లజ్‌పత్ నగర్‌లో వయొలెట్ లైనుకు మారితే చాలు. ఆదివారం కాబట్టి సీటు దొరికింది. అక్కడి నుంచి చివరి స్టేషను దాకా దాదాపు గంట. అంతసేపు ఊరికే కూర్చుంటే చేసిన పని గుర్తుకు రాక మానదు.

నా పాత కారుది మామూలు రేకు కప్పు. కిందటేడు అదే మోడలు, అదే ఇంజను, కాకపోతే కప్పంతా అద్దం ఉన్నది కొన్నాను. ఆ వేసవిలో హరిద్వార్ వెళ్తూ సామాన్ల కోసం కప్పు మీద ఇనుప క్యారియరు బిగించాం. తిరిగొచ్చాక విప్పించలేదు. దానితో బండికి దర్జా వచ్చిందనుకున్నాను. రోజూ గ్రేటర్ నోయిడా ఆఫీసుకు ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రయాణం. లీటరుకు పదిహేను కిలోమీటర్లు రావలసింది పన్నెండుకు పడిపోయింది.

సింహాచలం అప్పుడే చెప్పాడు. "సార్, కప్పు బరువైపోనాది. మలుపులో బండి ఊగతంది. దాని మీద ఆ క్యారియరొకటి, గాలికి అడ్డం. స్పీడెక్కితే ఈల ఏత్తంది, ఇనబడతందా?"

"నువ్వు డ్రైవరువా, ఇంజినీరువా?" అన్నాను. నాతో పాటు కారులో వచ్చే ఇద్దరు ఆఫీసువాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది. ఇంకో నెలకు, ట్యాంకులోంచి పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడని తేల్చేశాను. రుజువేమీ లేదు. మా అపార్ట్‌మెంట్ల సొసైటీ వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో పెట్టి, "ఇతన్ని ఎవరూ పెట్టుకోకండి" అని రాశాను.

తరవాత బండి నేనే నడిపాను. మొదటి ట్యాంకుకు పన్నెండే వచ్చింది. రెండో ట్యాంకుకూ పన్నెండే. అతను దొంగ కాదని అప్పుడే నాకు తెలిసిపోయింది. తెలిసి ఏడు నెలలు నోరు మెదపలేదు. అతన్ని దొంగ అనడం కంటే ఈ మౌనమే నా పెద్ద తప్పు. కిందటి నెల ఒక మాల్ బేస్‌మెంటులోకి కారు పట్టక, ఆ పక్క షాపులో క్యారియరు విప్పించాను. నాలుగు బోల్టులు, పది నిమిషాలు. తిరిగి వస్తుంటే ఈల లేదు. మైలేజీ పద్నాలుగు దాటింది. మిగిలిన తేడా అద్దం బరువుది కావచ్చు, యాక్సిలరేటరు మీది నా పాదానిది కావచ్చు.

ఫోను చేస్తే సింహాచలం ఎత్తలేదు. ఎక్కడ పనిచేస్తున్నాడో వైశాలిలో ఉండే, అతన్నెరిగిన ఒక తెలుగు కుటుంబం చెప్పింది.

తొమ్మిదీ పదికి స్టేషను బయటికి వచ్చాను. బండి మీద టీ, బ్రెడ్ పకోడా. ముప్పై రూపాయలకు షేర్ ఆటో. పక్కన కూర్చున్న తలపాగా పెద్దాయన నా ఒళ్లోని పెట్టె చూసి, "దామాద్‌జీ, ససురాల్ చలే?" అన్నాడు. అల్లుడినై అత్తారింటికి పోతున్నాననుకున్నాడు. ఆటో అంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

పది దాటాక గోదాము చేరాను. సింహాచలం సరుకుల బండి దగ్గర తాళ్లు బిగిస్తున్నాడు. చిక్కిపోయాడు.

"ఏటి సార్, ఇలాగొచ్చీసేరు? బండేదీ?"

"మెట్రోలో వచ్చాను."

"అయితే మైలేజీ గొడవ నేదు" అన్నాడు, తాడు వదలకుండానే.

దారంతా కూర్చుకున్న మాటలు పోయాయి. "నువ్వు చెప్పిందే నిజం. క్యారియరు వల్లే. తప్పు నాది" అని మాత్రం అనగలిగాను.

అతను తాడు ముడి వేశాడు. నన్ను బండి ముందుకు తీసుకెళ్లి కేబిన్ పైకి చూపించాడు. కేబిన్ నుంచి వెనక డబ్బా అంచు దాకా ఒక రేకు ఏటవాలుగా వంచి బిగించి ఉంది.

"ఈ డబ్బా కేబిన్ కన్నా మూరెడెత్తు. గాలొచ్చి గోడకి గుద్దినట్టు గుద్దీసీది. ఈ రేకెట్టినాక పైనుంచి జారిపోతంది. పల్చటి రేకే, బరువు నేదు. సేటుకి ముందు సెప్పి, ఆయన సేతే డీజిలు కొలిపించి, అప్పుడెట్టినాను. ఒకసారి దొంగనైనోణ్ని కదా."

"మళ్లీ పనిలోకి రా. జీతం పెంచుతాను" అన్నాను. ఆ మాట ఎంత చవకో నోటి నుంచి వచ్చాక తెలిసింది.

"నాకిక్కడ బాగానే ఉంది సార్. మా యావిడ మీ సొసైటీలో రెండిళ్లల్లో వంట సేసీది, మీకు తెల్దా? దొంగ పెళ్లామని దాన్నీ మానిపించీసేరు. నాలుగేళ్లు నాకు నమస్తే కొట్టిన గార్డు నా బొమ్మ సూపించి దాన్ని గేటు కాడే ఆపీసేడు. దాన్ని మళ్లీ పనికి పిలవమనండి. అది సాలు."

"చెబుతాను."

"ఎక్కడ? మీరు దొంగన్నప్పుడు నాలుగొందల మంది ఇన్నారు. కాదన్నప్పుడు ఈ రేకుబండొక్కటే ఇంటంది."

హమాలీలు పిలిచారు. బర్ఫీ పెట్టె వాళ్ల చేతిలో పెట్టేసి, అతను బండెక్కి వెళ్లిపోయాడు. తనకు ఒక్క ముక్కా ఉంచుకోలేదు.

పదకొండున్నరకు మళ్లీ మెట్రో. ఫోను తీసి, సొసైటీ గ్రూపులో "ఒక చిన్న అపార్థం జరిగింది" అని మొదలుపెట్టాను. అపార్థం! చెరిపేశాను. సింహాచలం దొంగ కాదని, అబద్ధం చెప్పింది నేనని, కప్పు మీది క్యారియరే కారణమని, అతని తప్పు లేదని తెలిసీ ఏడు నెలలు దాచానని, అతని భార్యను తిరిగి పనిలో పెట్టుకోమని రాశాను. లజ్‌పత్ నగర్ వచ్చేలోపు పంపాను.

రైలు మారేసరికి జవాబులు వచ్చాయి. చాలామంది బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకరు, "క్యారియర్ తీస్తే నిజంగా రెండు కిలోమీటర్లు పెరుగుతుందా అంకుల్?" ఇంకొకరు, "సన్‌రూఫ్ లేనిదే తీసుకోమంటారా?" సెక్రెటరీ, "చాలా ఉపయోగకరమైన సమాచారం, సర్‌జీ." వంట మాట ఎవరూ ఎత్తలేదు. మళ్లీ అడిగాను. చదివినట్టు గుర్తులు పడ్డాయి, అంతే.

ఒంటిగంటకు సొసైటీ గేటు దగ్గర ఆగి, ఫోనులోంచి సింహాచలం ఫొటో తీసెయ్యమని గార్డును అడిగాను. "సెక్రెటరీ సాబ్ చెప్పాలి, సాబ్" అంటూ అతను ఫోను తెరిచి చూపించాడు, ఇదేనా అన్నట్టు. అదే. నేను తీసిందే. కొత్త కారు వచ్చిన రోజు, చేతిలో పచ్చగుడ్డతో, అద్దం కప్పు తుడుస్తూ నా వైపు తిరిగి నవ్వుతున్నాడు.